చౌరస్తాలో వదులు చొక్కా

మంగళవారం మధ్యాహ్నం

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది. క్షేమమని రాయకపోతే నువ్వు కంగారుపడతావు గనక, ఇక్కడ అందరం క్షేమమే. బావగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

చౌరస్తాలో సైనికుడి విగ్రహానికి మళ్లీ రంగు వేస్తున్నారు. దాన్ని పెట్టినప్పుడు నువ్వు రాలేకపోయావు, అందుకని చెబుతున్నాను. పోయిన యుద్ధంలో మన పెద్దాడు శవమైనా రాకుండా పోయాక, ఊళ్లోవాళ్లు చందాలేసుకుని స్మారకం కడతామన్నారు. శిల్పి వాడి ఫొటో చూసి పెదవి విరిచాడు. ఎదురుగా మనిషి నిలబడితే గానీ తనకు చెయ్యి సాగదన్నాడు. అన్న పోలికే గదా అని చిన్నాణ్ణి నిలబెట్టాం. అప్పటికి వాడికింకా మీసాలు కూడా రాలేదు.

యూనిఫాం నేనే కుట్టాను. నా అలవాటు నీకు తెలుసుగా, ఎదిగే పిల్లలకు వదులుగా కుట్టి, లోపల కాస్త గుడ్డ మడిచి ఉంచుతాను. శిల్పి ఉన్నదున్నట్టు సిమెంటులో దించేశాడు. చొక్కా చేతులు వేళ్ల దాకా వేలాడుతున్నాయి. సొంత కొడుక్కే కొలతలు తప్పిన దర్జీవని మంగలి ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తాడు. నీ మరదలు మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు. రోజూ వెళ్లి ఆ సిమెంటు చేతులు తుడిచి వస్తుంది. ఏ కొడుకు చేతులనుకుని తుడుస్తోందో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మళ్లీ సరిహద్దులో గొడవలు. చిన్నాడు సైన్యంలో చేరతానంటున్నాడు. అరిచాను, బతిమాలాను. ఊరంతా తన మొహానికే దండం పెడుతుంటే ఇంట్లో కూర్చోవడానికి సిగ్గేస్తోందంటాడు. వాడికి కాస్త భయమంటూ ఉంటే నీ దగ్గరే. ఒక్కసారి వచ్చి నాలుగు చీవాట్లు పెట్టు. నాకు చేతకావడం లేదు అక్కయ్యా.

నీ తమ్ముడు

తా.క. చేరతానంటున్నాడని రాశాను గానీ, వాడు చేరిపోయాడు. ఇవాళ పొద్దున్నే రైలెక్కించి వచ్చాను. ఆ మాట పైన రాయబోతే చెయ్యి రాలేదు. నిన్న పెట్టె అడుగునుంచి ఆ పాత యూనిఫాం తీసి తొడుక్కున్నాడు. భుజాల దగ్గర పట్టేస్తోందంటే, లోపలి గుడ్డ వదిలి నేనే కుట్టిచ్చాను. అద్దంలో చూసుకుని బాగుందా నాన్నా అని అడిగాడు. నా కుట్టు ఎన్నడూ అంత బాగా కుదరలేదు. నీ మరదలు పొద్దుననగా చౌరస్తాకు వెళ్లింది. రంగింకా ఆరలేదమ్మా అని పెయింటరు మొత్తుకుంటున్నా ఆ చేతులు పట్టుకునే ఉంది. నువ్వు రా. విడిపించడం నావల్ల కావడం లేదు.