అమావాస్య నాటి మిర్చి లోడు

గూడూరు మండలం,
మన తండా.

చిరంజీవి తమ్ముడు వెంకటేశ్‌కు,

అన్న చత్రు దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమే. అక్కడ నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. ఈ రెండు ముక్కలు ఆనవాయితీ కాబట్టి రాశాను. అసలైతే నాకు ఒళ్లు మండిపోతోంది. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే నీలాగే నేనూ కాగితం పట్టాను.

నీ ఉత్తరంలో మొదటి ప్రశ్నకు జవాబు. ఒక్క గూడ్సు నూరు లారీల సరుకు లాగుతుంటే నేనింకా ఆ స్టీరింగు పట్టుకుని ఎందుకు వేలాడుతున్నానని అడిగావు. లాగుతుంది, ఎవరు కాదన్నారు? డీజిలు తక్కువ, టోలుగేట్లు లేవు, దారిలో ఆపి కాగితాలు అడిగేవాళ్లు లేరు. మరి నువ్వు నడిపే గూడ్సు అక్క చేను గట్టు దాకా వస్తుందా? భూపాలపల్లికి పట్టాలే లేవు కదా, అక్కడి బొగ్గు ఎవరు మోస్తున్నారు? లారీకైతే బస్తా ఒకసారి ఎక్కించి ఒకసారి దించితే అయిపోయింది. రైలుకైతే చేను దగ్గర లారీకెత్తు, స్టేషన్‌లో దించు, పెట్టెలో ఎక్కించు, ఆ ఊళ్లో మళ్లీ దించి మళ్లీ లారీకెత్తు. ఇన్ని చేతులు మారితే మిర్చికి తొడిమ మిగులుతుందా? ఇంజనులో కూర్చున్నవాడికి ఇవేవీ కనబడవు.

మిర్చి ఏరేటప్పుడు నువ్వొచ్చి, రాజీ అక్క వాకిట్లో నలుగురి ముందు ఏమన్నావో గుర్తుందా? "అక్కా, ఈపారి మిర్చి నాగపూర్‌కు రైల్ల పంపు. అన్న లారీని నమ్ముకుంటె తొవ్వలనే బూజు పడ్తది" అన్నావు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇరవై ఏళ్లుగా ఆమె మిర్చి మోసింది నేను.

రెండో ప్రశ్న, అక్క నీ ఫోను ఎందుకు ఎత్తడం లేదని. ఎందుకెత్తుతుంది? అక్కతో కలిపి ఐదిళ్ల మిర్చికి మహబూబాబాద్ స్టేషన్‌లో నువ్వు రైలు పెట్టె మాట్లాడి పెట్టిన తారీఖు అమావాస్య. చేను నుంచి స్టేషన్‌కు చేర్చాల్సింది నా లారీ. పొద్దున భూపాలపల్లి నుంచి అక్కకు ఫోను చేశాను. "ఇయ్యాల అమాస. నేను లోడు ఎత్త. లారీ కింద ఆడుకొని పెరిగిన ఎంకటేశుకు గదన్న తెల్వదా?" అన్నాను. అమావాస్య నాడు లారీవాళ్లం లోడు ఎత్తమని తండాలో పసిపిల్లలకు కూడా తెలుసు, ఒక్కరూ మారు మాట్లాడలేదు. వాళ్లు ఇంకో బండి వెతుక్కుని స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది. బస్తాలు ఆరుబయట ఉండగానే వాన కొట్టింది. ఎర్రటి కాయ తెల్లబడి తాలు కింద చవగ్గా పోయింది. "రైలోడు ముంచిండు" అని ఆ ఐదిళ్లవాళ్లూ నిన్నే తిడుతున్నారు.

దానికి నువ్వేం రాశావు? "తప్పు నాదే అన్నా, అమావాస్య చూసుకోలేదు. అక్కకు జర నచ్చజెప్పు" అని రాశావు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ ముక్కే. తప్పు నీదెట్లా అయింది? ఆ తారీఖు కుదురుతుందా అని నన్ను రెండుసార్లు అడగలేదా నువ్వు? క్యాలెండరు ఎదురుగా పెట్టుకుని "సరే, కానియ్యి" అన్నది నేను కాదా? మరిచిపోయావా, లేక తెలిసే నా తప్పు మీదేసుకున్నావా? తమ్ముడి దయ మీద బతికే ఖర్మ నాకేం పట్టలేదు.

ఇక విను. ఆ అమావాస్య నాడు నా లారీ ఆగలేదు. భూపాలపల్లిలో బొగ్గు ఎత్తి, మధ్యాహ్నానికల్లా జనగామ దగ్గర ఒక ఇటుక బట్టీలో దించాను. టైరు కింద నిమ్మకాయ కూడా పెట్టలేదు. తిరిగొస్తుంటే పట్టాల మీద ఒక గూడ్సు పోతోంది. దాన్ని చూస్తూ, నువ్వు మాట్లాడిన పెట్టె ఖాళీగా పోవాలి అనుకున్నాను. కావాలనే చేశానురా. అక్క పంట సంగతి గుర్తురాలేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. ఒక్క పంటే కదా అనుకున్నాను. ఇప్పుడు అద్దంలో నా మొహం చూస్తే నాకే కొట్టాలనిపిస్తోంది.

ఇంతవరకు రాసి, పొద్దున అక్కకు చదివి వినిపించాను. తిట్టినా బాగుండేది. మన లంబాడీ మాటలో కాదు, బయటివాళ్లతో మాట్లాడినట్టు నాతో తెలుగులో మాట్లాడింది.

"బండి తాళంచెయ్యి ఇటియ్యి."

ఇచ్చాను. కొంగున ముడేసుకుంది.

"ఎంకటేశు వచ్చి ఇయ్యుమంటెనే ఇస్త. అప్పటిదాంక బండి నా వాకిట్లనే ఉంటది."

నీకు ఒక్కసారి ఫోను చెయ్యమన్నాను. "ఏం మొకం పెట్టుకొని చెయ్యాలె? వాడు చేసినప్పుడల్ల కట్ చేసిన" అంది. ఆ ఒక్కటి మాత్రం మన మాటలోనే అంది. అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సెలవు దొరికితే రా. దొరక్కపోయినా రా. తాళం నాకు ఇవ్వమంటావో వద్దంటావో నీ ఇష్టం. ముందు అక్క తలుపు కొట్టు.

ఇట్లు,
నీ అన్న
చత్రు