కాచి చల్లార్చిన సాక్ష్యం

చిట్టీ,

నువ్వు క్షేమమని తలచి రాస్తున్నాను. నేను మాత్రం హడలిపోయి ఉన్నాను. ఈవేళ నీళ్లు కాచే కెటిల్ లోపలికి చూద్దును కదా, అడుగంతా సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు! గరిటె కాడతో గీకితే బిళ్లలు బిళ్లలుగా ఊడొచ్చింది. ఇన్నాళ్లూ మేం తాగింది ఇదా?

వీధివాళ్లకీ నీళ్ల మీద అనుమానమే. వచ్చే నెల మొదటి ఆదివారం మీటింగు పెట్టి మీ పెదనాన్న దగ్గర్నుంచి వీధి ట్యాంకు తాళంచెవి లాక్కుంటారట. పంతొమ్మిదేళ్లుగా నెలనెలా ఆ ట్యాంకు కడుగుతున్న మనిషి! ఆ తాళంచెవి జేబులో లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. మీ నీళ్ల ల్యాబు నుంచి "నీళ్లు మంచివే" అని ఒక్క కాగితం ముక్క పంపు తల్లీ. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పంపుతున్నాను.

నీ మేలు కోరే పెద్దమ్మ

తా.క. గుడ్డలో వడగట్టి, రెండుసార్లు కాచి, చల్లార్చి పోశాను. మురికినీళ్లు పంపితే ల్యాబులో నీ పరువేం కాను?

---

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ తా.క. చదివి కుర్చీలోంచి పడబోయాను. కాచేస్తే ఇంక నేను పరీక్షించేదేముంది?

కెటిల్లో పెచ్చుకి భయపడకు. నీళ్లు నేలలో రాళ్ల మధ్య నుంచి వస్తూ కాస్త సున్నం కరిగించుకొస్తాయి. కాచినప్పుడు అదే అడుగున పేరుకుంటుంది. ప్రమాదమేం లేదు. ఈసారి సీసాని మరిగించు, నీళ్లని కాదు. పంపు తిప్పి తిన్నగా పట్టేసి మూత బిగించు.

ప్రేమతో, చిట్టి

తా.క. నీ సీసా బల్లమీద చూసి మా ఆఫీసరు సగం తాగేశారు. "ఎక్కడివమ్మా, ఇంకా ఉన్నాయా?" అని అడుగుతున్నారు.

---

చిట్టికి దీవెనలు.

మరిగించమన్నావని మరిగించాను. చూస్తుండగానే ప్లాస్టిక్ సీసా ముడుచుకుపోయి పిడికిలంతయింది! తర్వాత గాజుసీసా మరిగించి, ఆరాక పంపు కింద పట్టాను. వడగట్టలేదు, కాచలేదు, ఒట్టు.

ఆదివారం ఇంక ఆరు రోజులే. ఆయన ఆ తాళంచెవికి నూనె రాసి తుడుస్తూ కూర్చుంటున్నారు. చూడలేకపోతున్నానే.

కంగారులో, పెద్దమ్మ

తా.క. సీసాలో ఎర్రటి దారప్పోగులాంటిది ఒకటి కదులుతుంటే పుల్లతో తీసి పారేశాను. నలుగురూ చూస్తే ఏం బాగుంటుంది?

---

పెద్దమ్మా!

నమస్కారాలు తర్వాత. పారేశావా? నాకు కావలసింది ఆ పోగే కదా! అది పురుగు పెద్దమ్మా. మూత సరిగ్గా లేని ట్యాంకులోకి చిన్న ఈగ దూరి గుడ్లు పెడుతుంది. అడుగున బురద ఉంటే అందులో ఆ ఎర్ర పురుగులు పెరుగుతాయి. నెలనెలా కడిగే ట్యాంకులోకి అంత బురదెలా వచ్చింది?

కాగితం ఇవ్వలేను, క్షమించు. పెదనాన్నని మెల్లగా అడుగు. అందాకా కాచే తాగండి.

తలపట్టుకున్న చిట్టి

తా.క. మా ఆఫీసరు ఈ సీసా కూడా ఎత్తబోతే చేతిమీద ఒక్కటిచ్చాను. అప్పట్నుంచి మాటల్లేవు.

---

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నా చేతిలో పడింది. చదివాను. రెండేళ్లుగా నా మోకాళ్లు నన్ను ఆ నిచ్చెన ఎక్కనివ్వడం లేదమ్మా. నాలుగు మెట్లెక్కి, బకెట్టు చప్పుడు చేసి దిగొచ్చేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మీటింగులో నీ ఉత్తరం నేనే పైకి చదివి, తాళంచెవి బల్లమీద పెట్టాను. ఒక్కరూ తిట్టలేదు. ఎదురింటి టైలరు అప్పటికప్పుడు పైకెక్కి తట్టెడు బురద దించాడు. తాళంచెవి ఇప్పుడు అతని దగ్గరే ఉంది. బాధగానే ఉంది, అబద్ధమెందుకు.

ఉంటాను, మీ పెదనాన్న

తా.క. ఇంటికొచ్చి మీ పెద్దమ్మతో, "నీకైనా చెప్పాల్సింది" అన్నాను. "నాకు తెలుసుగా" అంది! "ట్యాంకు కడిగొచ్చిన మనిషి చొక్కా ఒక్కసారైనా తడవదా? మరి నేను రోజూ గుడ్డలో వడగట్టి రెండేసిసార్లు కాస్తున్నది ఎందుకనుకున్నారు?" అంది. రెండేళ్లు చిట్టీ! ఒక్కరోజు కూడా నన్ను ఒక్క మాట అనలేదు.