ఎస్మా జోలపాట

సుఖుమి, 1961 అక్టోబరు 3

ప్రియమైన తమ్ముడు ముష్నికి,

నువ్వు పంపిన ఎండు చేపలు అందాయి. సంకటి వండుకున్నా గానీ గిన్నె మూత తియ్యలేదురా. మా ప్రయోగశాలలో నేను పెంచిన బబూన్ గుగుష్‌ని చంపేస్తారట! భయానికి బీపీ పెరుగుతుందేమో చూడాలని ఏడాదిగా వాణ్ణి కుర్చీలో కట్టి, పచ్చ బల్బు వెలిగించి, షాక్ ఇచ్చారు. షాకులు ఆపి మూడు వారాలైనా బీపీ దిగడం లేదు. అప్పట్లో బల్బు వెలగ్గానే భయంతో నీళ్ల సీసా అందుకునేవాడు, ఇప్పుడూ సీసాలకొద్దీ తాగేస్తున్నాడు. నెలాఖరుకి దిగకపోతే గుండె కోసి చూస్తుందట డాక్టరమ్మ. "ఎస్మా, అది కోతి, నీ కొడుకు కాదు" అంది. నా చేత్తో పాలు తాగి పెరిగాడురా వాడు! ఎప్పటిలాగే వెళ్లి, కమలా తొన పెట్టి, అమ్మ జోల పాడుతున్నా. ఇంకేం చెయ్యను?

నీ అక్క
ఎస్మా

పోతి రేవు, అక్టోబరు 12

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఒకటి చెబుతా, నవ్వకు. ఇక్కడ సాయంత్రం పని ముగిసిందని రేవు సైరన్ కూత వెయ్యగానే అందరం సారా కొట్టుకి పోతాం. మొన్న సెలవు, కొట్టు మూసేశారు. అయినా కూత వినగానే నోరు ఎండిపోయింది, చెయ్యి గ్లాసు కోసం తడుముకుంది. షాకులిచ్చే రోజుల్లో నువ్వు జోల ఎప్పుడు పాడేదానివి? ముందా, తర్వాతా?

కోప్పడకేం.
ముష్ని

సుఖుమి, అక్టోబరు 19

ముష్నీ,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. తాగుబోతు వెధవా, అమ్మ పాటా నీ సారా కూతా ఒకటేనా? ముందే పాడేదాన్ని! బెదిరిపోకూడదని, కుర్చీలో కట్టేముందు ప్రతిసారీ. తప్పా? నిన్న బీపీ నూట అరవై. ఇంకా పన్నెండు రోజులే ఉంది. అందుకే రోజుకి మూడుసార్లు పాడుతున్నా. పాడినంతసేపూ సీసా వదలడు, గటగటా తాగుతూనే ఉంటాడు. పాట ఆపితే... ముష్నీ, ఆపితే సీసా వదిలేస్తాడురా.

ఎస్మా

సుఖుమి, నవంబరు 2

బంగారు తమ్ముడూ,

బతికాడు! పన్నెండు రోజులు నేను ఆ ఛాయలకే పోలేదు. బీపీ నూట ఇరవైకి దిగింది. వచ్చే వారం గుట్ట మీది మందలో వదిలేస్తారు. డాక్టరమ్మతో అంతా చెప్పేశా. తిట్టలేదు, పుస్తకంలో రాసుకుంది. వంటగదికి మార్చమని నేనే అడిగా. కోతులకి జావ కాస్తూ, వాడి కమలా తొనలు ఇంకొకావిడ చేత పంపుతున్నా.

ఓదారుస్తున్నాననుకున్నానురా. వాడి చెవికి నా జోలంటే ఇక షాకు తగులుతుందని. ఇన్నాళ్లూ వాణ్ణి హడలగొట్టింది నేనే. నిన్న జావ కలుపుతూ అలవాటుగా జోల అందుకున్నా. గోడ అవతల వాడి బోనులోంచి గటగటా నీళ్లు తాగే చప్పుడు. తలగుడ్డ నోట్లో కుక్కుకున్నా.

కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు అమ్మ పాట పాడమని మాత్రం అడక్కు.

నీ అక్క
ఎస్మా