రుచి కోసం రంగుకోళ్లు

మార్చి 3

కోడిపిల్లలు తెచ్చాను. పన్నెండు. అన్నీ రంగువే. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

గొడవంతా హేచరీ దగ్గరే అయింది. ఆవిడ తెల్లవి తీసుకుందామంది. బ్రాయిలర్ అయితే ఆరేడు వారాల్లో కోతకొస్తుంది, కండ బాగా పడుతుంది, మెత్తగా ఉడుకుతుంది, ఇంట్లో మాంసానికి పెంచుకునేవాళ్లకి ఇంకేం కావాలి అంది. హేచరీ అతనూ ఆవిడ వైపే. కాకపోతే తెల్లవాటిని టైముకి కోసెయ్యాలి, ఆలస్యం చేస్తే ఒళ్లు బరువెక్కి కాళ్ల మీద నిలబడలేవు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను లంకించుకున్నాను. నిలబడలేనిది కూడా ఒక కోడేనా, రంగువైతే నాలుగు నెలలు పెరడంతా తిరిగి పెరుగుతాయి, రుచంతా ఆ తిరగడంలోనే ఉంది అని లెక్చరిచ్చాను.

నేను రిపేరు చేసేది లిఫ్టులు. కోళ్ల గురించి నాకు తెలిసింది ఫోన్లో చూసిన మూడు వీడియోలు. ఆవిడ ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఇరవై ఏళ్లుగా వంట చేస్తోంది. అయినా గెలిచింది నేనే.

మార్చి 5

పిల్లలకి వేడి కోసం పెట్టిన బల్బు మరీ ఎత్తులో కట్టానట. పొద్దున చూస్తే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి. ఆవిడే వచ్చి కిందికి దించింది. కాసేపటికి పొట్టు మీద విడివిడిగా సర్దుకున్నాయి.

నాతో మాట్లాడింది. ఇవి నాలుగు నెలలు ఇక్కడే ఉంటాయట, అన్నాళ్లూ అలిగి కూర్చోవడం తన వల్ల కాదట.

మార్చి 24

ఆవిడ దవడ కింద గడ్డ తీసినప్పుడు డాక్టర్ తేలిగ్గానే మాట్లాడాడు. ఏమీ ఉండదు, ఊరికే టెస్టుకి పంపుతున్నాం అన్నాడు. రిపోర్టు వచ్చింది. ఉంది.

మార్చి 26

నయమవుతుంది అన్నాడు. ముందు ఆ మాట రాసుకోవాలి.

కుట్లు మానాలి, పాడైన పళ్లు రెండు తీయాలి, ఆ తర్వాత రేడియేషన్. మే పదిహేను తర్వాత మొదలుపెడతారు. నేను సెలవుల గురించీ, సైడ్ ఎఫెక్ట్స్ గురించీ ఏవేవో అడిగాను. ఆవిడ ఒక్కటే అడిగింది. నోటికి రుచి తెలుస్తుందా అని.

మొదలైన వారం రెండు వారాల్లో పోతుందట. లాలాజలం కూడా ఎండిపోతుందట. కొన్ని నెలలకి కొంత తిరిగి రావచ్చు, ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను అన్నాడు. ఆవిడ తలాడించింది. క్యాంటీన్లో ఎవరో ఆర్డర్ చెబితే ఆడించినట్టే.

బస్సులో సగం దూరం వచ్చాక, ఈలోపు తినాలనుకున్నవన్నీ తినేస్తాను అంది. మన కోడి కూడా అంది.

ఏప్రిల్ 19

తెల్లవైతే ఈపాటికి కూరయ్యేవి. ఆవిడ అనలేదు. నాకే అనిపించింది.

మనవి కాళ్లేసుకుని గోడెక్కుతున్నాయి. పట్టుకుంటే చేతికి ఈకలు తప్ప ఏమీ తగలవు.

ఏప్రిల్ 26, ఆదివారం

ఆవిడ పెరట్లోకొచ్చి ఎర్రపుంజుని చాలాసేపు చూసింది. "చిన్నదైనా పర్లేదండీ, ఒకటి కోద్దాం" అంది.

అన్నీ ఎముకలే, ఇంకో రెండు వారాలు ఆగు, టైముంది కదా అన్నాను. అప్పటికి కాస్త కండ పడుతుంది, ఒకేసారి బ్రహ్మాండంగా చేసుకుందాం అన్నాను. సరే అంది. ఈసారి వాదించను కూడా లేదు.

ఏప్రిల్ 29, మధ్యాహ్నం 3

పన్నెండో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు పైన ఉండగా మరదలు ఫోన్ చేసింది. ఎవరో పేషెంటు మానుకున్నారట, రేడియేషన్ మెషిన్ ఖాళీ అయిందట, రేపే మొదలుపెడదాం వెంటనే రమ్మన్నారట. ఆవిడా తనూ అప్పటికే బస్సులో ఉన్నారు.

తొందరగా మొదలైతే మంచిదే. మంచిదే కదా అని మరదలితో రెండుసార్లు అన్నాను. ఫోన్ పెట్టేశాక స్పానర్ ఎక్కడ పెట్టానో చాలాసేపు కనబడలేదు. చేతిలోనే ఉంది.

మే 3, ఆదివారం

హాస్పిటల్ పక్కనే రూమ్ తీసుకున్నాం. వారమంతా అక్కడ, ఆదివారం ఇంటికి. ఇవాళ వచ్చీ రాగానే పడుకుంది. కడుపులో తిప్పుతోందట, వాసన కూడా పడటం లేదట.

కత్తి నూరి పెట్టాను. వాడలేదు. వచ్చే వారం.

మే 10, ఆదివారం

ఎర్రపుంజుని కోశాను. నేనే వండాను. ఆవిడ మంచం మీంచే ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పింది.

ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది. కళ్లు మూసుకుని ఇంకోసారి నమిలింది. ఇనప చెంచా నాకినట్టుంది అంది. అంతే.

మొన్న శుక్రవారం కాఫీ చేదు తగిలిందట. అదే ఆఖరట.

పెరట్లోకి పోయి నిలబడ్డాను. రుచి, రుచి అని నేను పంతం పట్టింది ఎవరి నోటి కోసం? తెల్లవి తెచ్చి ఉంటే ఏప్రిల్లో మూడుసార్లు తినేది. అది కూడా వదిలెయ్. అడిగిన రోజున, ఆ ఎముకల కోడినే కోసి పెట్టాల్సింది. బతిమాలించుకోకుండా ఒక్క పూట ఆవిడ మాట వినలేకపోయాను.

జూన్ 14

రేడియేషన్ సిట్టింగులు అయిపోయాయి. మెడంతా కమిలిపోయింది. జావ. మళ్లీ జావ.

జూలై 5, ఆదివారం

నాలుగు నెలలు నిండాయి. వీడియోల్లో చూపించినట్టే ఉన్నాయి కోళ్లు. నిగనిగలాడే ఈకలు, గట్టి తొడలు. ఎవరికైనా చూపించి గొప్పలు చెప్పుకోవచ్చు.

ఒకటి కోసి, కుక్కర్లో మామూలుకి రెండింతలు ఉడికించాను. నేను తిన్నాను. నిజంగానే గొప్పగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడకి రుచి సంగతి పక్కన పెడితే, అసలు నమలడమే కాలేదు. నోట్లో తడి లేదు. తిరిగి తిరిగి పెరిగిన కండ కదా, పీచుపీచుగా గొంతుకి అడ్డం పడింది. చివరికి చేతిలోకి ఉమ్మేసి, గుప్పిట మూసుకుని, "ఏమీ అనుకోకండి" అంది.

తిట్టినా బాగుండేది.

జూలై 13

ఇవాళ డ్యూటీలో చేరింది. మేనేజర్ మంచివాడే, జీతం తగ్గించలేదు. కాకపోతే వంట దగ్గర కాదు, టోకెన్ల కౌంటర్లో కూర్చోమన్నాడు. కూర్చునే పని, హాయిగా ఉంది అని నాకు చెప్పింది. ఆ చెప్పడంలోనే తెలిసిపోయింది.

రాత్రి పప్పు దించుతూ అలవాటుగా గరిటె అరచేతిలో వంచుకుని నాలుక్కి రాసుకుంది. తర్వాత గరిటె గిన్నె మీద అలా పట్టుకుని ఉండిపోయింది. నేను పేపర్ అడ్డం పెట్టుకున్నాను.

ఆగస్టు 2

మిగిలిన రంగువన్నీ మరదలికి ఇచ్చేశాను. హేచరీకి వెళ్లి ఆరు తెల్లపిల్లలు తెచ్చాను. హేచరీ అతను నన్ను గుర్తుపట్టి, సార్ రుచి కావాలన్నారుగా అని నవ్వాడు. మెత్తగా ఉండేవి కావాలి అన్నాను.

బల్బు కిందికే కట్టాను.

ఆగస్టు 27

హేచరీ అతను చెప్పినట్టే ఉన్నాయి ఇవి. దాణా తినడం, అక్కడే కూలబడటం. పొట్టు తడిస్తే వెంటనే మారుస్తున్నాను. వీటిని వెక్కిరించడానికి నోరు రావడం లేదు.

సెప్టెంబర్ 13, ఆదివారం

ఆరు వారాలు నిండాయి. రోజు దాటనివ్వలేదు. పొద్దున్నే కోశాను. ఆవిడే వండింది, అంతా కొలతల చెంచాలతో.

మింగగలిగింది. రెండు ముక్కలు, తర్వాత ఇంకొకటి. "మెత్తగా ఉంది. రుచెలా ఉందో మీరు చెప్పండి" అంది.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉప్పు తక్కువైంది అన్నాను.

లేచి వెళ్లి ఉప్పు తెచ్చింది. నా కంచంలో కొంచెం వేసింది. తన కంచంలో కూడా వేసుకుంది.