అక్కకు పంపిన నొప్పి బిళ్ళలు

మంగంపేట, ఆదివారం. తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. రెండు జతల బట్టలు ఉతికి ఆరేశాను.

తమ్ముడు ఓబులేసుకు అన్న దీవెనలు. నువ్వూ అక్కా బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ముగ్గురాళ్ల గనిలో రాళ్లు ఏరే పని. తిండికి లోటు లేదు, జొన్నరొట్టె మాత్రం దొరకదు. ఫోనులో చెబితే పక్కనున్న అక్క వింటుంది. అందుకే రాస్తున్నాను.

ఆమెకు నేను పంపే నొప్పి బిళ్ళలు ఈ ఉత్తరం అందిన రోజే ఆపు.

నా గదిలో ఉండే మస్తాన్ నడుంనొప్పికి అవే బిళ్ళలు రోజూ మింగేవాడు. ముఖం, కాళ్లు వాస్తే మొన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. "ఎన్నాళ్లనుంచి మింగుతాండావప్పా?" అని డాక్టరు అడిగాడు.

"ఏడాదయింటాది సార్. అంగట్లో ఎవురడిగినా ఇస్తారు గదా."

రక్తపరీక్ష చూసి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నాడు. ఎప్పుడో ఒకటి వేసుకోవడం వేరు, నెలల తరబడి రోజూ మింగడం వేరట. కడుపులో పుండ్లు కూడా పడతాయట. ఎండలో నీళ్లు తక్కువ తాగేవాళ్లకూ, బీపీ ఉన్నవాళ్లకూ మరీ ప్రమాదమట. అక్కకు బీపీ ఉంది.

నిజం రాస్తాను. మగ్గం తొక్కి తొక్కి అరిగిన ఆమె మోకాళ్లకు రోజూ నువ్వు ఆముదం రాస్తావని ఫోను చేసినప్పుడల్లా చెప్పేది. నాకు కడుపు మండేది. అమ్మ పోయాక పెంచింది మనిద్దరినీ, పేరు నీ ఒక్కడికే. అందుకే బిళ్ళలు పంపాను. "నీ బిళ్ళ పడినాక మోకాలు ఉండాదో లేదో తెలీడంల్యా నాయనా" అని ఆమె అన్న రోజు నాకు పండగే. రోజూ రెండు వేసుకోమన్నది నేనే.

పోయిన నెల నువ్వు "అక్క కాళ్లు వాస్తాండాయన్నా, చెప్పులు పట్టడంల్యా" అన్నావు. "నువ్వు పిసికింది శానా అయింటాదిలే" అన్నాను. నా బిళ్ళలను చూసి ఓర్వలేక అంటున్నావనుకున్నాను. ఓర్వలేనిది నేను.

మరునాడే అక్కను ఆసుపత్రికి తీసుకుపో. బిళ్ళల అట్టలు చూపించు, ఎన్నాళ్లుగా వేస్తున్నామో దాచకుండా చెప్పు. ఆమె రక్తం పరీక్ష చేయించు. వాళ్లు చెప్పకుండా ఇంకో బిళ్ళ కొనకు. ఆముదం నువ్వే రాయి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు.

నొప్పి తిరగబెడితే అక్క తిడుతుంది. అన్న మాన్పించినాడని చెప్పు. ఆ తిట్లన్నీ నాకే రానీ, అందులో నీకు పాలు వద్దు.

వీధిలో పెద్దలందరినీ అడిగినట్టు చెప్పు. మస్తాన్ లేచినట్టున్నాడు. డాక్టరు చెప్పినట్టు ఉప్పు వేయకుండా గంజి కాచి ఇవ్వాలి. ఉంటాను.