పన్నెండో పేరు

తాళ్లకుంట,
జగిత్యాల తాలూకా,
20 నవంబరు 1963.

చిరంజీవి అనసూర్యకు అమ్మమ్మ దీవించి రాసేది.

దీవెన అయింది కాబట్టి ముందు నీ తప్పు దిద్దనీ. మీ చేతిపనుల ఆఫీసుకు పంపిన రిపోర్టు నకలు నాకూ పంపావు. అందులో "మిల్లు కాగితం రావడంతో తాళ్లకుంట చేతికాగితం పని మూతబడింది" అని రాశావు. వాక్యం చక్కగా ఉంది. నిజం కాదు. మిల్లు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ తర్వాత కూడా మన కాగితాల వాడలో తొట్లు ఎండలేదు. మొన్న దీపావళికి ముందు జగిత్యాల షావుకార్లు కొత్త లెక్కపుస్తకాలకు మన కాగితమే కావాలని మనిషిని పంపారు. పురుగు పట్టదనీ, సిరా పాకదనీ వాళ్లకు ఇంకా గురి ఉంది. కాగితం చేసే నజీరుద్దీన్ ఆ మనిషికి చాయ తాగించి వట్టి చేతులతో తోలాడు. మూతబడటానికి కారణం వేరే. అది ఈ ఉత్తరంలోనే రాస్తాను. ఎన్నడూ డొంకతిరుగుడు ఎరగని మీ అమ్మమ్మను ఈ ఒక్కసారి కాస్త చుట్టు తిరిగి రానియ్యి.

ఇక్కడ అందరమూ క్షేమం. నా మోకాళ్లను ఆ అందరిలో కలపకు, అవి ఏడాదిగా వేరు కాపురం పెట్టాయి. నువ్వక్కడ హైదరాబాదులో వేళకు తిని, వేళకు పడుకొని కులాసాగా ఉన్నావనుకుంటాను. ఉండకపోయినా నువ్వు రాయవు, ఆ బుద్ధి నా దగ్గరి నుంచే వచ్చింది.

నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం తింటున్నావా అని అడిగావు. అరవై ఎనిమిదేళ్లుగా తింటున్నాను, అలవాటయింది. మీ ఆఫీసు వేయించిన కాగితం షెడ్డు మీద రేకులు ఉన్నాయా అన్నావు. ఉన్నాయి. మీ ఆఫీసు బోర్డు కూడా ఉంది. దాని నీడన మేకలు పడుకుంటున్నాయి. కాగితం ఎత్తడానికి మీరు పంపిన ఇత్తడి జాలీ పనికొచ్చిందా అన్నావు. బాగా పనికొచ్చింది, పక్కింటి ఐలవ్వ దాంతో జొన్నపిండి జల్లిస్తోంది. కాగితానికి మాత్రం రాలేదు. గుజ్జు దాన్ని పట్టుకొని విడవలేదు. గీకి తీస్తే మాడిన అట్టులా వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. వచ్చే నెల రెండున మీ పెద్దసారును తీసుకొస్తానన్నావు. ఆయన కళ్ల ముందు ఒక్కటంటే ఒక్క కాగితం ఎత్తి చూపిస్తే షెడ్డు నిలుస్తుందనీ, లేకపోతే డిసెంబరు ఆఖరుకు తాళం పడుతుందనీ రాశావు. తాళ్లకుంట బతుకుతుందని మూడేళ్లుగా ఆ ఆఫీసులో బల్లగుద్ది చెబుతున్నదానివి. వాడలో మిగిలిన ఏడిళ్లూ నీ మాట మీదే ఉన్నాయి. ఉత్తరం అందిన పొద్దే నజీరుద్దీన్ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు తొట్టి దగ్గర పెద్దచెయ్యి అతనిదే.

"పంతులమ్మా, చెయ్యి ఉన్నది, తొట్టి ఉన్నది, నానబెట్టిన గుజ్జు ఉన్నది. చాప లేదు. దేనితోని ఎత్తాలె? నా టోపీతోనా?" అన్నాడు.

"మేదరోళ్ల దగ్గర అల్లిస్తివి గద?"

"అల్లిస్తి. దాంట్ల చెరువుల చాపలు పడ్తయి, కాగితం పడది."

నీకు తెలిసిన పనే గానీ, మీ సారుకు చెప్పుకోవడానికి ఉంటుందని రాస్తున్నాను. పాత తాళ్లు, గోనెలు సున్నంలో నానబెట్టి, కాలితో తొక్కే రోకలి కింద మెత్తగా దంచి, ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలుపుతారు. అందులో సన్నని చాప ముంచి పైకెత్తితే నీళ్లు కారిపోయి, చాప మీద నిలిచిన పొర కాగితమవుతుంది. ఆ చాప గడ్డిపుల్లలను గుర్రపు తోక వెంట్రుకలతో ఒకటొకటిగా కట్టింది. నీళ్లు పోవాలి, గుజ్జు పోకూడదు. పనిలో ఉన్న చాప ఏడాది కంటే నిలవదు. వాటిని కట్టేది నజీరుద్దీన్ వదినె ఖాజాబీ ఒక్కతే. అది వంటింటి పక్కన, పరదా వెనక జరిగే పని. కట్టడం మగవాళ్లెవరూ చూడలేదు.

ఖాజాబీ ఊరెందుకు విడిచిందని నువ్వు రెండుసార్లు అడిగావు. కూతురు సలీమా కాన్పుకు పోయిందని రెండుసార్లూ రాశాను. కాన్పు అయిన మాట నిజమే. ఆ పిల్లవాడికి ఇప్పుడు నోటినిండా పళ్లున్నాయి. కాన్పుకు పోయిన ఏ తల్లీ మూడేళ్లు ఉండిపోదు. నువ్వు అది లెక్క కట్టలేదంటే నా మీద గౌరవమే అయి ఉంటుంది.

పోయిన వారం ఖాజాబీ కోసం ఉట్నూరు వెళ్లాను. మోకాళ్లు వద్దన్నాయి. బస్సు నిర్మల్ దాకా ఒక తీరుగా, ఆ తర్వాత ఇంకో తీరుగా కుదిపింది. సలీమా మొగుడు ముష్తాక్ అక్కడ జీపు నడుపుతాడు. బస్సు దగ్గరికి వచ్చి నన్ను జీపులోకి ఎత్తినంత పని చేశాడు. ఖాజాబీ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను పలకకముందే తలెత్తింది.

"పంతులమ్మనా? నడక సప్పుడు సమజయింది. గా మోకాళ్లు ఇంక పలుకుతున్నయా?"

"పలుకుతున్నయి. నీ కండ్లకేమైంది?"

"ఆదిలాబాద్ల చూపిచ్చిండు అల్లుడు. కాలా మోతియా, అంటె నల్లపొర అన్నరు. తెల్లదైతె కోస్తరట, నల్లదాన్ని ఏం చెయ్యరట. ఆడ గూడ రంగు జూస్తరు పంతులమ్మా."

సలీమా నీళ్లిచ్చింది. ఆ పిల్ల నా బడిలోనే మూడో తరగతి దాకా చదివింది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. "నువ్వు కట్టకుంటె కట్టకపోయె, సలీమాకు నేర్పినవు గద?" అన్నాను.

ఖాజాబీ గింజ తీయడం ఆపలేదు. "సలీమాకెందుకు నేర్పుత? నువ్వే అంటివి గద, అది పని గాదని. పని గానిదాన్ని నేర్పి పిల్ల కండ్లు గూడ పోగొట్టుకోవాల్నా?"

కోపంగా అనలేదు. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది.

ఇక చుట్టు తిరగడానికి చోటు లేదు అనసూర్యా. మూడేళ్ల కింద నువ్వొక ఫారం పంపావు. "పని తెలిసినవారి పేర్లు" అని పైన, కింద పన్నెండు వరుసలు. పేరెక్కినవాళ్లకు గుర్తింపు కార్డు, నెలనెలా భత్యం. శిష్యులను పెట్టుకుంటే వాళ్లకూ భత్యం. ఊళ్లో తెలుగూ ఉర్దూ తప్పులేకుండా రాసేది నేనొక్కదాన్నే అని నాతో నింపించావు. దంచేవాళ్లు, తొట్టి దగ్గర ఎత్తేవాళ్లు, ఆరబెట్టేవాళ్లు, నున్నగా రుద్దేవాళ్లు, మొత్తం పదకొండు మంది మగవాళ్లను రాశాను. అప్పుడు ఖాజాబీ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. "నా పేరు గూడ రాయి పంతులమ్మా. సలీమాను నా కింద రాయి, భత్యమొస్తె ఈడ్నే ఉండి నేర్చుకుంటది," అంది.

నేను తల కూడా ఎత్తలేదు. "నువ్వు ఇంట్ల కూసోని పుల్లలు కడ్తవు. అది ఇంటిపని, కార్ఖాన పని గాదు. ఫారం కరాబ్ చెయ్యకు," అన్నాను.

పన్నెండో వరుస ఖాళీగానే ఉంది. తర్వాత ఎవరూ ఏదీ చేర్చకుండా దాని మీద అడ్డగీత కొట్టాను. ముప్పై ఏళ్లు పరీక్ష కాగితాల మీద కొట్టిన చెయ్యి కదా, గీత తిన్నగా వచ్చింది.

ఆడపిల్లను బడికి పంపరా అని ఇంటింటి ముందు నిలబడి తిట్టిన పంతులమ్మను నేనే. తిట్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆ పొద్దు నన్ను తిట్టేవాళ్లు లేకపోయారు.

నెల తిరగకముందే ఆమె మూట కట్టుకుంది. ఎవరూ అడగకుండానే నాలుగు చాపలు కట్టి గోడకు తగిలించి మరీ పోయింది. ఇద్దరు ముగ్గురు వాటితో రెండేళ్లు లాగారు. ఆఖరుది పోయిన జనవరిలో చిరిగింది. నేనన్న మాట ఆమె మరిదికి కూడా చెప్పలేదు. నేను నీకు చెప్పలేదు. ఇద్దరం మాట దాచాం గానీ, ఎవరి కోసం దాచామన్నది వేరు.

ఉట్నూరులో మూడు రోజులున్నాను. ముష్తాక్ ఎక్కడో టాంగావాణ్ణి బతిమాలి గుర్రపు వెంట్రుకలు తెచ్చాడు. ముందు ఖాజాబీ ప్రయత్నించింది. పుల్ల ఆమె వేళ్లకు అందుతోంది, వెంట్రుక అందడం లేదు. నా కళ్ల ముందే రెండుసార్లు జారిపోయింది. ఆమె దాన్ని నేల మీద తడుముకోవడం చూడలేక, నువ్వు చెప్పు, నేను కడతాను అన్నాను.

"జర గట్టిగ. అంత గట్టిగ గాదు."

"ఎంత గట్టిగ?"

"చెయ్యికి తెలుస్తది."

నా చేతికి తెలియలేదు. ఆమె చేతికి తెలుసు, చూపు లేదు. సలీమా కూడా కూర్చుంది గానీ, చంకలో పిల్లవాడు, పొయ్యి మీద కూర. పైగా, "పంతులమ్మా, చూసుడు చూసిన గని, గిది చిన్నప్పటి సంది చేతులతోని చెయ్యాలె, మూడొద్దులల్ల వస్తదా?" అంది. నేను నేర్పిన పిల్ల, నిజమే చెప్పింది. మూడో నాడు పొద్దుగూకేసరికి నేను కట్టింది రెండు వేళ్ల వెడల్పు. ఖాజాబీ దాన్ని తడిమి చూసి, "కాగితానికి రాదు గని, పాలు వడగట్టుకో," అంది. అందరం నవ్వాం. ఇంకేం చేస్తాం.

తిరిగి వచ్చాక నజీరుద్దీన్‌కు అంతా చెప్పాను. "గిప్పుడు చెప్తవా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. తర్వాత తొట్టి నీళ్లు బకెట్లతో తోడి బయట పారబోశాడు. ఎదురుపడితే సలాం మానలేదు. పంతులమ్మా అనడం మానేశాడు. ఏడిళ్లలో మూడిళ్లవాళ్లు నిన్న బీడీలు చుట్టే ఆకు తెచ్చుకున్నారు.

కాబట్టి రెండో తారీకున చూపించడానికి ఏమీ లేదు. మీ సారును రావద్దని చెప్పు. రిపోర్టులో మిల్లు మాట కొట్టేసి జరిగింది రాయి. నా పేరు పెట్టి రాయి, రిటైరయిన పంతులమ్మ అని కూడా రాయి. దానివల్ల తొట్టి నిండదు. నీ నౌకరీకి కీడే జరగవచ్చు. మీ అమ్మమ్మ మాట నమ్మి ఫారం అలాగే పైకి పంపావా అని నిన్ను అడిగితే, అవునని చెప్పు. ఆ ఫారం చూసినప్పుడు చాప ఎవరు కడతారని నువ్వెందుకు అడగలేదని ఒక పూటంతా నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. వస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఒక చిన్న పని ఉంది. ఖాజాబీ ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం కళ్లకు సుర్మా పెట్టుకుంటుంది. ఉట్నూరులో దొరికేది మండుతోందట. చార్మినారు దగ్గర మంచిది అడిగి రెండు డబ్బీలు కొను. గాజు సీసా వద్దు, దారిలో పగులుతుంది. పాతగుడ్డలో చుట్టి పార్శిలు చెయ్యి. చిరునామా మీద ముందు ఖాజాబీ అని పెద్దగా రాయి, కింద కేరాఫ్ ముష్తాక్, జీపు డ్రైవరు, బస్టాండు, ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా. పోస్టాఫీసులో మగవాళ్ల పేరు పైన రాయమంటారు. వినకు.

ఇట్లు,
మీ అమ్మమ్మ
శంకరవ్వ