మూడు ముళ్ళకు పది వేళ్ళు

ఖాట్మండు,
ఫిబ్రవరి 1987

పూజ్యులైన వెంకటప్పయ్య మామయ్యకు, మేనల్లుడు రామారావు నమస్కారాలు.

మా మిలిటరీ వాళ్ళ కొండ యాత్రకు నన్నూ తీసుకున్నారు. ఎవరెస్టు కాదు గానీ దాని తమ్ముడే. పైన గాలి చాలదు. మంచులో నెర్రెలుంటాయి, మనిషి పడితే కేక కూడా పైకి రాదు. చలికి వేళ్ళు నల్లబడి రాలిపోతాయి. అయినా వెనక్కి తగ్గను.

ఇట్లు,
రామారావు

తా.క. రత్నానికి మాత్రం చెప్పకండి, బెదిరిపోతుంది.

పెనుబల్లి

చిరంజీవి రామారావుకు మామయ్య దీవెనలు.

చూపు ఆనక, చెప్పి రాయిస్తున్నాను. ఏందిరా ఈ పని? శ్రావణంలో రత్నంతో పెళ్ళి పెట్టుకుని వేళ్ళు రాలగొట్టుకుంటే మూడు ముళ్ళు దేంతో వేస్తావు? తాటిచెట్లెక్కే మన జంపయ్యనడిగితే, నడుముకు మోకు లేనిదే ఏదీ ఎక్కొద్దన్నాడు. ఆయన మోకే పార్సిలు చేశాను.

మామయ్య

తా.క. ఉంగరానికి వేలి కొలత అడిగాను కదా. ఏ వేలు మిగిలిందో తేలాకే పంపు.

బేస్ క్యాంపు

మామయ్యకు నమస్కారాలు.

మోకు అందింది. మా సాహెబు దాని మీద సాక్సులు ఆరేస్తున్నాడు. ఇంకా పైకి పోతే మతి కూడా తప్పుతుంది. ఒకాయన తన పేరే మరిచిపోయి వంటవాడికి సెల్యూట్ కొట్టాడు.

మీ రామారావు

తా.క. మంచులో కూరుకుపోయినవాళ్ళు ఎన్నేళ్ళయినా చెడిపోరట.

పెనుబల్లి

రామారావుకు దీవెనలు.

మతి తప్పేవాడికి పిల్లనెట్లా ఇస్తాం? మధిర నుంచి ఎరువుల కొట్టు సంబంధం వచ్చింది. ఆ అబ్బాయి కొట్టు మెట్లు తప్ప ఏమీ ఎక్కడట. వచ్చే నెల చూపులకు వస్తున్నారు. నీ సంగతేందో జల్దీ రాయి.

మామయ్య

తా.క. చెడిపోకుండా ఉండాలని మేం పెట్టుకునేది ఆవకాయని, అల్లుణ్ణి కాదు.

బేస్ క్యాంపు

మామయ్యా, మీ కాళ్ళకు దండం.

మధిర వాళ్ళని రానివ్వకండి. నేను కొండ ఎక్కడం లేదు. కింద డేరాలో స్టోరు కీపర్ని, పప్పూ కిరసనాయిలూ కొలిచిస్తాను. చెప్పొద్దంటే తప్పక రత్నం చెవిన పడుతుందనీ, మెచ్చుకుంటుందనీ గొప్పలు రాశాను. రాసిన ప్రమాదాలు మాత్రం నిజం. మొన్న పైకెళ్ళిన ఇద్దరికీ టీ కాచి కూర్చున్నాను. ఒక్కడే దిగాడు. రెండో గ్లాసు పారబోయడానికి చెయ్యి రాలేదు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

మీ రామారావు

తా.క. వేళ్ళు పదీ ఉన్నాయి. కొలత దారం జత చేశాను.

పెనుబల్లి

బావా,

నాన్నకు ఉత్తరాలు చదివేదీ, ఆయన చెబితే రాసేదీ నేనే. మోకు దాకా నాన్న మాటలు. ఆ తర్వాత ఆయన చెప్పింది "జాగ్రత్తగా ఎక్కి రమ్మను" అని, అంతే. మధిర సంబంధం నేను అల్లిన. నిన్ను ఎట్లనైనా కిందికి దింపాలనుకున్న. తీరా చూస్తే నువ్వు ఎక్కనే లేదు!

గ్లాసు ముందు పెట్టుకుని పైకి చూస్తూ కూర్చుంటే ఎట్లుంటదో తెలిసిందా? ఇన్నాళ్ళూ నేను చేసిందీ అదే. భయంతో చచ్చిపోయిన. ఆ పది వేళ్ళూ తీసుకుని జల్దీ రా.

నీ రత్నం

తా.క. నువ్వు శిఖరం ఎక్కినవని వీధంతా చెప్పేసిన. ఇక్కడ బస్సు దిగేటప్పుడు కాస్త కుంటు.